గాలిపంపు ఆగిన తొట్టె



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలో, పలాస సమీపాన తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు కూలాయి. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. దీపం లేకపోతే మనం లాంతరు వెలిగించుకుంటాం. మరి కరెంటు పంపు అందించే గాలితో బతికే నీటిప్రాణుల సంగతి ఏమిటి?

ఒక అద్దాల తొట్టెలో సముద్రపు నీరు పోసి చేపలను, పీతలను పెంచుతున్నామనుకోండి. పంపు ఆగి ఒక రాత్రి గడిచింది. పొద్దున్న కరెంటు వచ్చింది. మీట నొక్కితే సరిపోతుందా? సరిపోదు. ఎందుకో చూద్దాం.

నీటిలో ఏం జరిగింది?

30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక లీటరు సముద్రపు నీటిలో గాలి నుండి కరిగే ఆక్సిజన్ సుమారు 6 మిల్లీగ్రాములే. పంపు నీటిని కదిలిస్తుంటే, ఖర్చయిన ఆక్సిజన్ మళ్లీ చేరుతుంది. పంపు ఆగితే అది తరిగిపోతుంది. ప్రాణులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిలోనే నిలిచి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. దానితో, మామూలుగా 8.2 దరిదాపుల్లో ఉండే పి.హెచ్. పడిపోతుంది.

ఇక రెండోది అమ్మోనియా. చేపల విసర్జన నుండి, కుళ్లిన మేత నుండి ఇది పుడుతుంది. వడపోత ఇసుకలోని బాక్టీరియా దీనిని మొదట నైట్రైటుగా, తరువాత అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఆ బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. అది లేక వాటి పని ఆగుతుంది, అమ్మోనియా పేరుకుంటుంది.

అసలు చిక్కు

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్ల వల్ల హాని తక్కువ. అయాన్లుగా మారని అమ్మోనియా మాత్రం మొప్పల గుండా చొరబడే విషం. 25 డిగ్రీల మంచినీటిలో పి.హెచ్. 7 ఉన్నప్పుడు ఈ విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పి.హెచ్. 8 అయితే సుమారు 5 పాళ్లు! సముద్రపు నీటిలోనూ ఇంచుమించు ఇదే తీరు.

పి.హెచ్. తగ్గిందని కంగారుపడి గుప్పెడు వంటసోడా వేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. రాత్రంతా ఓర్చుకున్న చేప మన వైద్యంతో చస్తుంది.

ఏది ముందు, ఏది వెనుక?

1. మొదట గాలి. కరెంటు రాకపోతే చెంబుతో నీరు ముంచి, ఎత్తు నుండి పోస్తూ ఉండండి. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పి.హెచ్. కొంత దానంతటదే లేస్తుంది.

2. మేత ఆపండి. చచ్చినవాటిని తీసివేయండి. మూసిన వడపోత డబ్బాలో నిలిచిన నీటిని తొట్టెలోకి వదలకుండా పారబోయండి.

3. నీటిలో నాలుగో వంతు తీసి, అంతే వేడి, అంతే ఉప్పదనం ఉన్న శుభ్రమైన సముద్రపు నీరు పోయండి. అమ్మోనియా తగ్గేవరకు రోజూ ఇలా చేయండి.

4. అప్పటికీ పి.హెచ్. తక్కువగా ఉంటేనే సోడా. అదీ కొంచెం కొంచెంగా, కొన్ని రోజులపాటు.

బాక్టీరియా చచ్చిపోయి ఉంటే మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. అంతవరకు మేత తక్కువగానే వేయాలి.

మంచినీటిలో నౌపడ ఉప్పు కలిపితే సముద్రపు నీరు కాదా? కాదు. ఉప్పుమళ్లలో నీరు ఇగిరేటప్పుడు కాల్షియం లవణాలు చాలావరకు ఉప్పుకన్నా ముందే అడుగున చేరతాయి. మెగ్నీషియం లవణాలు చివర మిగిలే చేదునీటిలో ఉండిపోతాయి. మనం ఎత్తుకొచ్చే ఉప్పు ముఖ్యంగా సోడియం క్లోరైడే.

చేసి చూడండి

రెండు గ్లాసుల్లో వాననీరు పోసి, ఎర్రమందార పూలు నానబెట్టిన నీరు కొంచెం కలపండి. ఒకదానిలో చిటికెడు వంటసోడా వేయండి. ఇప్పుడు రెండింటిలోనూ నిమ్మరసం చుక్కలుగా వేస్తూ లెక్కపెట్టండి. ఏది ఎర్రబడటానికి ఎక్కువ చుక్కలు పట్టాయి? సోడాలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని తటస్థం చేస్తూ పి.హెచ్.ను నిలబెడుతుంది. సముద్రాన్ని కాపాడేదీ అదే.

ఒక ప్రశ్న: మన తీరంలోని రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారే ముందే. ఎందుకు? కిరణజన్య సంయోగక్రియ పాఠం తిరగేసి జవాబు రాయండి. తిత్లీ వచ్చిన వేళ ఏదో కూడా గుర్తు తెచ్చుకోండి.