స్వచ్ఛంద సేవ - ప్రభుత్వ గ్రాంటు

స్వాతంత్ర్యానంతరం అణగారిన వర్గాలకు, యువజనులకు సేవచేసే స్వచ్ఛంద సంస్థలు దేశంలో అనేకం ఉండేవి. వాటికి కొరవడినది ధనం. మొదటి పంచవర్ష ప్రణాళిక వాటి సహాయార్థం 4 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ నిధి పంపిణీకై 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి ప్రథమాధ్యక్షురాలు. రాజమండ్రిలో జన్మించి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన ఆమెకు చిన్న సంస్థల కష్టాలను మరొకరు వివరించనక్కరలేదు. 1954 నుండి రాష్ట్రాలలోనూ బోర్డులు వెలిశాయి.

1958లో ఆరంభమైన సంక్షిప్త విద్యా కోర్సులు ఈ గ్రాంటుల ప్రయోజనాన్ని స్పష్టంగా చూపుతాయి. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను స్వచ్ఛంద సంస్థలే చేరదీసి, స్వల్పకాలంలో పరీక్షలకు సిద్ధపరచేవి. ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు కాగల అర్హత వారికి ఆ విధంగా లభించేది.

2022లో బోర్డు మూతపడింది. కాని కేంద్ర మంత్రిత్వ శాఖల గ్రాంటులు కొనసాగుతున్నవి. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా గ్రాంటు వినియోగ ధ్రువపత్రం సమర్పించవలసి ఉంటుంది. ప్రజాధనానికి లెక్క ఉండవలసినదే. అయితే పద్దులు వ్రాయగల గుమాస్తా అయినా లేని మారుమూల సంస్థ, సేవలో ఎంత ముందున్నప్పటికీ, ఈ పత్రం వద్దనే వెనుకబడుతుంది. తరువాతి గ్రాంటు నిలిచిపోతుంది.