లేజర్‌కు సంతకం పెట్టేముందు

ముట్లు ఆగిపోయాక యోని పొడిబారి మంటపుట్టడం, మూత్రానికి వెళ్తే చురచురమనడం, భర్తతో కలిస్తే నొప్పి. ఈ బాధలు చాలామంది అక్కచెల్లెళ్లతో కూడా చెప్పుకోరు. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే, వయసు రాకముందే మొదలవుతాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తం మీద అది 3 శాతమే.

చెప్పుకోలేని బాధ చుట్టూ వ్యాపారం తేలిగ్గా అల్లుకుంటుంది. లేజర్, మన రక్తం నుంచే తీసే పీఆర్‌పీ ఇంజెక్షన్, స్టెమ్‌సెల్ అంటూ, కణజాలం మళ్లీ పుడుతుందని చెప్పి సిట్టింగుల ప్యాకేజీ అమ్ముతారు. ఇలాంటి ప్యాకేజీలు అమ్మే బెంగళూరు మన పుట్టపర్తి నుంచి ఎంతో దూరం కాదు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. ఇలాంటి లేజర్ల వల్ల కాలిన గాయాలు, మచ్చలు, విడవని నొప్పి రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరించింది. 2021లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో 85 మందిలో కొందరికి నిజం లేజర్, మిగిలినవారికి ఉత్తుత్తి లేజర్ చేశారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకూ తేడా లేదు. పీఆర్‌పీకి ఉన్న ఆధారం ఇంకా పలచన. స్టెమ్‌సెల్‌నైతే ఈ బాధలకు అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప వాడకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలను బట్టి తెలుస్తుంది. ప్రయోగమైతే మీ దగ్గర డబ్బు వసూలు చేయడమే తప్పు.

చట్టం మీ వైపే ఉంది. రక్తస్రావం ఎందుకో చూడటానికని మత్తిచ్చి, తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేసిన సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పిచ్చింది. దాని ప్రకారం, ప్రాణాపాయం లేనప్పుడు, తనే నిర్ణయించుకోగలిగిన స్త్రీ బదులు ఇంకెవరు ఒప్పుకున్నా చెల్లదు. పరీక్షకు ఒప్పుకోవడం చికిత్సకు ఒప్పుకున్నట్టు కాదు. చికిత్స దేనికి, ఏం ప్రమాదం, వేరే దారులేమిటి అన్నవి డాక్టరు ముందే చెప్పాలి. వేరే దారులంటే ఇక్కడ తేమనిచ్చే జెల్, తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము. వాటి ఊసెత్తకుండా నేరుగా లేజర్ దగ్గరికి తీసుకెళ్తే అది అసలైన అంగీకారం కాదని వాదించవచ్చు. మగ డాక్టరు పరీక్షిస్తుంటే పక్కన ఒక స్త్రీ ఉండాలని అడగండి, అది మీ హక్కు.

పుట్టపర్తిలోని సత్యసాయి ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. అందరికీ పూర్తి ఉచితంగా చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా వివరం తెలుసుకునే హక్కు అక్కడా ఉంటుంది, సివిల్ కోర్టు దారీ తెరిచే ఉంటుంది.

డబ్బు కట్టిన చోట రసీదు, ప్రకటన, వాట్సాప్ మెసేజీలు దాచుకోండి. మీ వైద్య రికార్డు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స బెంగళూరులో జరిగినా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లాయరు ఖర్చు గురించి వెనకాడకండి. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.