ఒకే యంత్రము – రెండు చిరునామాలు
వర్చువల్ సర్వరును కమాండ్ లైను ద్వారా నెలకొల్పు విధానము

‘సర్వరు’ అను మాట వినగానే విద్యార్థులకు ఒక యంత్రము మనసున మెదలుట సహజము. కాని ఆ యంత్రములో నడచు సాఫ్ట్‌వేరును కూడ సర్వరనియే పిలుతురు. జావా భాషలో వ్రాసిన వెబ్ ప్రోగ్రాములను నడుపు అట్టి సాఫ్ట్‌వేరు ‘అప్లికేషన్ సర్వరు’. ఒకే అప్లికేషన్ సర్వరు పలు చిరునామాలకు వేరువేరుగా సమాధానమిచ్చునట్లు చేయు ఏర్పాటే ‘వర్చువల్ సర్వరు’. ఉచితముగా లభించు గ్లాస్‌ఫిష్‌ను ఉదాహరణగా గైకొని ఈ ఏర్పాటును వివరింపదలచితిమి. దీనిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 2005లో ప్రారంభించినది. 2010లో ఆ సంస్థ ఒరాకిల్ వశమైనది. తరువాత గ్లాస్‌ఫిష్ ఎక్లిప్స్ ఫౌండేషన్ ఆధ్వర్యములోనికి వచ్చినది.

మన వార్షిక సంచికనే చూడుడు. తెలుగు పుటలు ఎడమ వైపు నుండి, ఉర్దూ పుటలు కుడి వైపు నుండి ప్రారంభమగును. ఎవరి ముఖపత్రము వారిది. కుట్టు మాత్రము ఒక్కటే. వర్చువల్ సర్వర్ల పొందిక ఇట్టిదే.

పేరును గుర్తించుట ఎట్లు?

1996లో ప్రకటించిన హెచ్‌టీటీపీ 1.0 నియమావళి ప్రకారము, బ్రౌజరు తాను కోరు సైటు పేరును అభ్యర్థనలో తెలుపవలసిన నిర్బంధము లేదు. అందుచే ప్రతి సైటునకు ప్రత్యేక ఐపీ చిరునామా అవసరమయ్యెడిది. 32 బిట్ల ఐపీ చిరునామాలు మొత్తము సుమారు 430 కోట్లే. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ‘హోస్ట్’ అను పంక్తిని తప్పనిసరి చేసినది. సర్వరు ఆ పంక్తిని చదివి, అభ్యర్థన ఏ వర్చువల్ సర్వరునకు చెందునో నిర్ణయించును.

చేయు విధానము

గ్లాస్‌ఫిష్‌ను నిర్వహించు సాధనము పేరు ఆస్‌అడ్మిన్. కమాండులను ఇచట తెలుగు లిపిలో ఇచ్చితిమి. యంత్రమునకు వీనిని ఆంగ్ల లిపిలో, చిన్న అక్షరములతో, హైఫనులను వదలక ఇవ్వవలెను. సైట్ల పేర్లు ఉదాహరణకు మాత్రమే.

మొదట సర్వరును నడిపింపవలెను. అది నడువనిచో తక్కిన కమాండులు పనిచేయవు.

ఆస్‌అడ్మిన్ స్టార్ట్-డొమైన్ డొమైన్1

పిమ్మట ఇప్పటికే ఉన్నవానిని చూడవలెను.

ఆస్‌అడ్మిన్ లిస్ట్-వర్చువల్-సర్వర్స్

క్రొత్తగా స్థాపించిన గ్లాస్‌ఫిష్‌లో రెండు పేర్లు కనబడును. ‘సర్వర్’ అనునది సాధారణ వినియోగమునకు. ‘__ఆస్‌అడ్మిన్’ అనునది 4848 పోర్టుపై నిర్వహణకు. రెండవదాని జోలికి పోరాదు. ఇప్పుడు మనది నిర్మింతము.

ఆస్‌అడ్మిన్ క్రియేట్-వర్చువల్-సర్వర్ --హోస్ట్స్ తెలుగు.కాలేజ్.ఎగ్జాంపుల్ --నెట్‌వర్క్‌లిజనర్స్ హెచ్‌టీటీపీ-లిజనర్-1 తెలుగుసైట్

‘హోస్ట్స్’ తరువాతది ప్రజలు టైపు చేయు పేరు. లిజనరు అనగా అభ్యర్థనలను ఆలకించు ద్వారము. మొదటి లిజనరు పోర్టు సంఖ్య మామూలుగా 8080. చివరి మాట మనము పెట్టుకొన్న గుర్తింపు పేరు. ఇదే కమాండును పేర్లు మార్చి మరల ఇచ్చినచో ‘ఉర్దూసైట్’ సిద్ధమగును. పిదప ప్రోగ్రామును దాని స్థానమున నిలుపవలెను.

ఆస్‌అడ్మిన్ డిప్లాయ్ --వర్చువల్‌సర్వర్స్ తెలుగుసైట్ తెలుగు.వార్

ఇచట వర్చువల్ సర్వరు పేరును విడువక చెప్పుట క్షేమము.

ఈ కమాండులు సైటు పేరును లోకమునకు చాటవు. ఆ పేరు మన యంత్రపు ఐపీ చిరునామాను చూపునట్లు డీఎన్ఎస్‌లో నమోదు చేయవలెను. ప్రయోగశాలలో పరీక్షకైనచో కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలులో 127.0.0.1 ప్రక్కన రెండు పేర్లు వ్రాసిన చాలును. ఉర్దూ పుట కుడి నుండి ఎడమకు నడచుట కూడ వర్చువల్ సర్వరు పని కాదు. అది హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని దిశాసూచన పని.

ఏది వేరు, ఏది వేరు కాదు?

విద్యార్థులును, యంత్రములు కొనుటను నిర్ణయించు కమిటీ పెద్దలును ముఖ్యముగా గమనింపవలసినది ఈ భాగమే.

మొదటిది: హోస్ట్ పేరు ఏ వర్చువల్ సర్వరుకును సరిపోలనిచో, ఆ అభ్యర్థన త్రోసివేయబడదు. లిజనరునకు ముందుగా నియమించిన వర్చువల్ సర్వరు, సామాన్యముగా ‘సర్వర్’, దానికి బదులిచ్చును. పేరులో ఒక్క అక్షరము తప్పినను అభ్యర్థన అచటికే చేరును. కావున అచట పరీక్షాఫలితముల చిత్తుప్రతుల వంటివి ఉంచరాదు.

రెండవది: పేరు తాళము కాదు. హోస్ట్ పంక్తిలో ఎవరైనను ఏ పేరైనను వ్రాసి పంపవచ్చును. చిరునామా ఎవరికిని తెలియదను ధైర్యముతో విద్యార్థుల మార్కులను, ఫీజు రాయితీ దరఖాస్తులను కాపాడలేము. వానికి లాగిన్, పాస్‌వర్డు ఉండి తీరవలెను.

మూడవది: రెండు సైట్లును ఒకే జావా వర్చువల్ మెషీనులో, ఒకే జ్ఞాపకశక్తిని పంచుకొని నడచును. ఒకదానిలోని ప్రోగ్రాము ఆ జ్ఞాపకశక్తిని పూర్తిగా హరించినచో రెండవదియు నిలిచిపోవును. కుట్టు తెగిన సంచికలో ఒక భాష పుటలే చెదరవు గదా!

కావున మా అభిప్రాయమిది. ప్రకటనలు, వార్తలు, వ్యాసములు గల సైట్లకు ఒక్క యంత్రము, రెండు వర్చువల్ సర్వర్లు చాలును. రెండు యంత్రముల వ్యయము అనవసరము. కాని విద్యార్థుల వ్యక్తిగత వివరములు గల ప్రోగ్రామును వేరొక సర్వరు ప్రాసెస్‌లో, వీలైనచో వేరొక యంత్రముపైననే నడుపవలెను. అచట పొదుపు తగదు. నష్టపోవువారు ఆ నిర్ణయములో పాలు లేని విద్యార్థులు.

అభ్యాసము చేయదలచిన విద్యార్థులు హోస్ట్ పేరును బుద్ధిపూర్వకముగా తప్పు వ్రాసి, ఏ పుట తెరుచుకొనునో చూడుడు. సరిగా పనిచేసినప్పటికంటె దారి తప్పినప్పుడే సర్వరు స్వభావము బాగుగ బోధపడును. అభ్యాసము ముగిసిన వెనుక డిలీట్-వర్చువల్-సర్వర్ కమాండుతో మీరు నిర్మించినవానిని తొలగింపవచ్చును.