నీరు తోడు ఇంజనుకు మిస్సింగు: దోషమును పట్టు పద్ధతి



అనకాపల్లి జిల్లాలో కొండకర్ల ఆవ పరిసరములందు మీరు పెట్రోలు ఇంజనుతో చెరకు తోటకు నీరు తోడుచున్నారనుకొందము. ఇంజను కొంతసేపు చక్కగా నడచి, నడుమ దెబ్బ తప్పి, మరల సర్దుకొనును. మెకానిక్కు వద్దకు తీసుకొనిపోగా ఏ దోషమును కనబడదు. చెరకు నాటిన మొదటి నాలుగు మాసములు పిలకలు తొడుగు కాలము. అప్పుడు తడి తప్పినచో పిలకలు తగ్గి, దిగుబడి పడిపోవును.

ఇట్టి దోషము ఏ సమయమున వచ్చుచున్నదో ముందు గమనింపవలెను. ఆ తరువాతనే మరలు విప్పవలెను.

1. తెల్లవారుజామున తప్పి, ఎండ ఎక్కిన కొలది సర్దుకొన్నచో తేమ కారణము కావచ్చును. ఇంజను ఆపి, ప్లగ్గు వైరును, దాని టోపీని పొడిగుడ్డతో తుడువవలెను. చీకటి వేళ ఆరుబయట ఇంజను నడిపి దూరము నుండి చూచినచో, వైరు పగిలిన చోట నిప్పురవ్వలు కనబడును. వైరును చేతితో తాకరాదు, క్రొత్తది వేయవలెను.

2. కొంతసేపు నడచిన పిమ్మట నీరసించి ఆగినచో ట్యాంకు మూత వదులు చేసి చూడవలెను. వెంటనే కోలుకొన్నచో మూతలోని గాలి రంధ్రము పూడినదని గ్రహింపవలెను. కోలుకొననిచో, వేడికి కాయిలు బలహీనపడుచుండవచ్చును. ఇంజను చల్లారక మునుపే మెకానిక్కుకు చూపవలెను. చల్లారినచో దోషము దాగిపోవును.

3. బరువు పడినప్పుడే తప్పినచో, చల్లారిన తరువాత ప్లగ్గు విప్పి చూడవలెను. లేత గోధుమరంగు మంచి గుర్తు. నల్లని మసి ఉన్నచో గాలి జల్లెడను శుభ్రపరుపవలెను. ప్లగ్గు సందు ఇంజను పుస్తకములోని కొలతకు సరిపోవలెను.

4. వేళాపాళా లేక తప్పినచో పెట్రోలులో నీరు చేరి ఉండవచ్చును. చల్లారిన ఇంజను కార్బురేటరు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోనికి దింపినచో నీరు అడుగున నిలుచును. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు తేమను పీల్చును గనుక, నెలల తరబడి ట్యాంకులో నిలువ ఉంచరాదు. ఈ పని చేయునప్పుడు దరిదాపుల బీడీ, దీపము ఉండరాదు.

ప్లగ్గు, వైరు, పెట్రోలు ఒక్కసారే మార్చినచో దోషమెక్కడున్నదో ఎన్నటికిని తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఒక పూట నడిపి చూడవలెను. దెబ్బ తప్పిన సమయము, నడచిన నిమిషములు, నాటి వాతావరణము ఒక పుస్తకములో వ్రాసికొన్నచో, మెకానిక్కుకు సగము పని తగ్గును. మీకు సగము ఖర్చు మిగులును.