నాలుగో మొన

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటోలు నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను. మొరాకోలో జెబెల్ ఇసూమూర్ కొండ రాయి, అందులో నల్లటి ట్రైలోబైట్, వీపంతా ముళ్లు. "ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతిలా ఉంది మామయ్యా, అమ్మమ్మ పేరు పెట్టొచ్చా?" అని అడిగావు. పెట్టొచ్చు. అంతకుముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట, అది అసలుదేనా? అక్కడి ఆల్నిఫ్ ఊరి చుట్టుపక్కల రాళ్లు కొట్టి, విరిగిన ముక్కలు అతికించి, సన్నటి పనిముట్లతో రోజుల తరబడి రాయిని ఒలిచి ఒక్కో ముల్లునూ బయటికి తీసేవాళ్లకు దండం పెట్టాలి. అక్కడి బజారులోనే రెసిన్‌తో ముళ్లు పోసి అతికించేవాళ్లూ, ఒకదాని తలను ఇంకొకదాని మొండేనికి చేర్చేవాళ్లూ ఉన్నారు. రాయి పగిలితేనే లోపల జీవి ఉందని తెలిసేది. కాబట్టి శిలాజం మీదుగా ఎక్కడో ఒకచోట పగులు గీత ఉండాలి. అది లేకపోతే అనుమానించు. అతినీలలోహిత కాంతి కింద పెట్టి చూడు, జిగురూ రెసినూ తరచు వేరే రంగులో మెరుస్తాయి. నువ్వు గీసే బొమ్మలో ప్రతి ముల్లు పక్కనా అది అసలుదో, అతికించిందో, చేసి పెట్టిందో రాసుకో. నమ్మకం లేని ముల్లును వర్ణనలోకి రానివ్వకు.

ఆ తరువాత కాసేపు ముళ్లను మరిచిపో. నీ ఉత్తరం నిండా అవే ఉన్నాయి, అందుకే చెబుతున్నాను. ముళ్లు వేరువేరు వంశాల్లో విడివిడిగా పుట్టుకొచ్చాయి. పొట్టేలు కొమ్ముల్లాంటివి తల వెనక చుట్టుకుని ఉండే డైక్రానూరస్ ఒడొంటోప్లూరిడ్. సెరటార్జెస్ లైకిడ్. కోమురా, వాలిసెరాప్స్ ఫాకోపిడ్లు. అన్నీ మొరాకో డెవోనియన్ రాళ్లలోవే, అన్నీ ముళ్లవే, కానీ దగ్గరి చుట్టాలు కావు.

కన్ను చూడు. ఫాకోపిడ్లలో నీ దానిలాంటివాటికి కటకాలు పెద్దవి, దేనికది విడిగా, ఒక్కోదానికి సొంత పైపొర. లైకిడ్లలో, ఒడొంటోప్లూరిడ్లలో సన్నసన్నని కటకాలు ఒకదానికొకటి ఒరుసుకుని ఒకే పొర కింద ఉంటాయి. నీ ఆరో ఫొటోలో ఎడమ కంటి కటకాలను వరసలవారీగా లెక్కపెట్టగలిగాను. సగం చిక్కు అక్కడే విడిపోయింది. ఇక చెంప మీది కుట్టుగీత ఎక్కడ ముగుస్తోందో, నుదుటి ఉబ్బు ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతోందో లేదో చూడు. ఈ కన్నున్నవాటికి మొండెంలో మామూలుగా 11 ఖండాలు. నాకు 10 లెక్కకొచ్చాయి. ఒకటి తల వెనక అంచు కింద దాగి ఉందేమో!

లెక్కలో తేడా కనబడగానే కొత్త జాతి అనుకోకు. వాలిసెరాప్స్‌కు పేరు పెట్టింది 2001లో, ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ మోర్జాడెక్. దాని తల ముందు త్రిశూలం పొడుచుకుని ఉంటుంది. ఒక నమూనాలో మాత్రం ఆ శూలానికి నాలుగు మొనలున్నాయి. కొత్త జాతి అనేయడానికి ఎంత ఆశ పుడుతుందో నీకు తెలుసు. 2023లో దాని మీద రాసిన అలన్ గిష్లిక్, రిచర్డ్ ఫోర్టీ దాన్ని పెరుగుదలలో వచ్చిన లోపంగానే తీసుకున్నారు. ఆ లోపంతోనే అది పెద్దదయింది గనుక త్రిశూలం తిండికో తడుముకోవడానికో కాదు, మన కొబ్బరి తోటల కొమ్ము పురుగుల్లా జత కోసం పోట్లాడే ఆయుధమై ఉండాలని వాదించారు. కొత్త పేరు పెట్టి ఊరుకుని ఉంటే ఈ ఆలోచనకు దారే ఉండేది కాదు. నాకు ఆ వ్యాసమంటే అందుకే గౌరవం.

నీ దగ్గర ఉన్నది ఒక్కటే. అది పిల్లదో పెద్దదో, విడిచిన పెంకో, రాతి ఒత్తిడికి వంగిందో చెప్పడానికి మరికొన్ని కావాలి. దొరికేదాకా ప్రజాతి పేరు పక్కన, జాతి ఇంకా తేలలేదనడానికి, 'ఎస్పీ.' అని రాసి ఆపు. అందులో చిన్నతనం ఏమీ లేదు. పేరు పెట్టే రోజు వస్తే ఆ నమూనా హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారం, అవుతుంది. అందరూ వెళ్లి చూడగలిగే మ్యూజియంలో, నమోదు సంఖ్యతో ఉండాలి.

ఏ పొరలోంచి వచ్చిందో ఇప్పుడే కనుక్కో. కడపలో పాఠం చెప్పినన్నాళ్లూ పిల్లలు నాపరాళ్లలో ట్రైలోబైట్లు వెతికేవాళ్లు. ఆ రాళ్లు ఈ జీవుల కంటే చాలా పాతవని చెప్పినా వినేవాళ్లు కాదు. ఆ ఆశ నాకూ ఉండేది. అది తీర్చుకోవడానికే స్పితి లోయకు వెళ్లి ఒక తోక పలక తెచ్చుకున్నాను. దాంతో పెట్టిన చీటీ వానకు తడిసి చెరిగిపోయింది, వేరేచోట రాసుకోలేదు. ఆ పలక ముప్ఫై ఏళ్లుగా నా బల్ల మీదే ఉంది. ఏ లోతు నుంచి తీశానో చెప్పలేను గనుక దాన్ని ఎవరికీ ఇవ్వలేకపోయాను.

కుడి కన్నూ, తలను పక్కనుంచీ ఫొటో తీసి పంపు. మీ అమ్మమ్మకు బొమ్మలు చూపించాను, "రొయ్యలా ఉందే" అంది. పేరు సంగతి చెప్పలేదు. పదకొండో ఖండం కనబడితే ఆ పూటే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య