కప్పు తీస్తే తగ్గేది బరువేనా?

కార్ల సంగతి వస్తే మనం ఇంజను గురించే మాట్లాడుకుంటాం. పైకప్పు మాత్రం ఎండకీ వానకీ అడ్డం, అంతే అనుకుంటాం. కాని కప్పు ఊడదీసి పెట్టుకోవడానికి వీలైన స్పోర్ట్స్ కార్ల నిర్మాణం పరిశీలిస్తే, ఆ రేకు ఎంత పని చేస్తోందో అర్థమవుతుంది. మెకానికల్ విద్యార్థిగా నాకు ఇందులో మంచి పాఠం కనిపించింది.

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకోండి. మూత అతికించి, రెండు కొసలూ పట్టుకుని మెలితిప్పండి. అంత తేలిగ్గా లొంగదు. మూత తీసేసి తిప్పండి, వంకర్లు పోతుంది. లెక్కలోనూ ఇదే తేలుతుంది. పలుచని గొట్టం వ్యాసార్ధం దాని గోడ మందానికి 10 రెట్లు ఉందనుకోండి. దాన్ని నిలువునా ఒక్క చీలిక చీలిస్తే, మెలిని తట్టుకునే దృఢత్వం 300వ వంతుకు పడిపోతుంది. కారు అచ్చంగా గొట్టం కాదు కనుక నష్టం అంత ఉండదు. అయినా గతుకుల రోడ్డు మీద బాడీ మెలిపడి, తలుపులు కిర్రుమంటాయి.

ఈ లోటు పూడ్చడానికి తలొక దారి తొక్కారు. 1965లో పోర్షె వారు 911 టార్గా కారుకు సీట్ల వెనుక ఉక్కు తోరణం పెట్టారు. కారు బోల్తాపడినా తలలకు రక్షణ అన్నమాట. సిసిలీలోని టార్గా ఫ్లోరియో పందెం మీదుగానే దానికి ఆ పేరు వచ్చింది. 1968 మోడల్ షెవర్లే కోర్వెట్‌కు ఒకే పలక పెట్టాలనుకున్నారు గాని, బాడీ మెలిపడుతుండటంతో నడిమధ్య దూలం వేసి, అటొకటి ఇటొకటి రెండు పలకలు అమర్చారు. దృఢత్వం దక్కింది, కాని అతుకులు పెరిగాయి. అతుకుల్లోని రబ్బరు ఎండకి గట్టిపడితే వాన నీళ్లు నేరుగా ఒళ్లోకే! 1984 మోడల్‌లో ఆ దూలం తీసేశారు. బదులుగా తలుపుల కింది గడపలు బాగా ఎత్తు చేయాల్సి వచ్చింది. ఎక్కి దిగడమే ఒక కసరత్తు. పైగా పలక బోల్టులతో బిగించేది, వాన మొదలయ్యాక రెంచి వెతుక్కోవాలి.

ఇక ఊడదీసిన పలక ఎక్కడ పెట్టాలి? 1972లో వచ్చిన ఫియట్ ఎక్స్1/9లో ఇంజను సీట్ల వెనుక ఉంది కనుక, పలకను ముందు డిక్కీలో సర్దారు. అన్ని కార్లకూ ఆ వీలు లేదు. కొన్నింటిలో సామాను చోటు పోతుంది. ఇంట్లో వదిలి వెళితే ఆకాశం వంక చూస్తూ నడపాలి.

గుడ్డ కప్పుతో పోలిస్తే గట్టి పలక గాలి హోరును తగ్గిస్తుంది, దొంగ కత్తికి తెగదు. అప్పుడప్పుడూ కప్పు తీసేవారికి పలకే మేలు, రోజూ తీసేవారికి మడిచే గుడ్డే సుఖం అని నా అభిప్రాయం.

రేపు డ్రాయింగ్ బోర్డు ముందు నిలబడి ఒక గీత చెరిపేటప్పుడు, అది మోస్తున్న భారం ఇక ఎవరు మోస్తారని మనం అడగాలి. దానికి జవాబు దొరికాకే రబ్బరు చేతబట్టాలి.