కొండగెడ్డల పూర్వ ప్రవాహాలకు వృక్ష వలయాల సాక్ష్యం: చోడవరం పరిసర ప్రాంతానికి అన్వయం

ఉపోద్ఘాతం

చోడవరానికి వాయవ్యంగా ఉన్న తూర్పు కనుమల నుండి దిగే గెడ్డలు బొడ్డేరు, పెద్దేరు వంటి ఏరులై శారదా నదిలో కలుస్తాయి. రైవాడ, కోనాం, పెద్దేరు జలాశయాలు ఈ నీటిని నిల్వచేసి పొలాలకు అందిస్తున్నాయి. ఈ కొండల్లోని ఖొండలైట్ శిల సులభంగా శిథిలమై లోతైన ఎర్రమట్టిగా మారుతుంది. తుపాను వానలకు ఆ మట్టి తడిసి జారినప్పుడు నీరు, బురద, బండరాళ్లు, చెట్ల మొదళ్లు ఒకే ముద్దగా గెడ్డలోకి దూసుకువస్తాయి. దీనినే డెబ్రిస్ ఫ్లో అంటారు. ఇది సాధారణ వరద కంటే ప్రమాదకరమైనది. జలాశయాలలో పూడికకూ కారణమవుతుంది.

ఏ గెడ్డలో ఇటువంటి ప్రవాహం ఎన్నేళ్లకొకసారి వస్తుందో తెలిస్తేనే, గెడ్డ దిగువన ఇల్లు కట్టవచ్చునా, చెక్‌డ్యాం ఎక్కడ నిలుస్తుంది అన్న ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది. మైదానంలోని వర్షమాపకం కొండపై కురిసిన కుండపోతను నమోదు చేయలేదు. అక్కడ సాక్షిగా నిలిచేది గెడ్డ ఒడ్డున ఉన్న చెట్టు.

చెట్టు నమోదు చేసే విధానం

దొర్లివచ్చిన బండరాయి తగిలినచోట బెరడు చిట్లి, కింది కాంబియం పొర నశిస్తుంది. అంచుల నుండి పెరిగే కొత్త కణజాలం ఆ గాయాన్ని క్రమంగా కప్పివేస్తుంది. గాయం తరువాత ఏర్పడిన వలయాలను లెక్కిస్తే ప్రవాహం వచ్చిన సంవత్సరం తెలుస్తుంది. ప్రవాహపు తాకిడికి వంగిన చెట్టు తిరిగి నిటారు కావడానికి ప్రయత్నిస్తుంది. ఆ క్రమంలో వెడల్పాకు చెట్లలో వంపు పైభాగాన టెన్షన్ వుడ్ అనే ప్రత్యేక దారువు ఏర్పడగా, దేవదారు వంటి శంఖుధారులలో వంపు కింది భాగాన కంప్రెషన్ వుడ్ ఏర్పడుతుంది. మొదలు బురదలో పూడిపోయిన చెట్టులో కొన్నేళ్లపాటు వలయాలు సన్నబడవచ్చు. మేటపై మొలిచిన చెట్టు వయస్సు ఆ మేటకు కనీస వయస్సును సూచిస్తుంది.

ఈ అధ్యయన శాఖకు 1971లో ఫిన్లాండ్ శాస్త్రవేత్త అలెస్టాలో రూపమిచ్చారు. స్విట్జర్లాండ్‌లోని రిటిగ్రాబెన్ గెడ్డ వద్ద 1,102 చెట్ల నుండి సేకరించిన 2,246 వలయ శ్రేణుల ఆధారంగా 1566 నుండి సంభవించిన 123 ప్రవాహాలను గుర్తించారు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని కులు ప్రాంతపు మెరుపు వరదలను కూడా ఈ పద్ధతిలో పరిశీలించారు.

చోడవరం ప్రాంతానికి అన్వయం

ఉష్ణమండలంలోని అనేక వృక్ష జాతులలో వార్షిక వలయాలు స్పష్టంగా ఉండవు. టేకు, తూనా వంటి జాతులు ఇందుకు మినహాయింపు. ఎండాకాలంలో ఆకు రాల్చి, తొలకరితో చిగిర్చే టేకులో వలయారంభాన పెద్ద నాళాలు వరుసగా కనిపిస్తాయి. అయితే వానాకాలం మధ్యలో దీర్ఘకాలం బెట్ట ఏర్పడితే అసత్య వలయం కూడా రావచ్చు. అందువలన ఒకే చెట్టును నమ్మక, అనేక చెట్ల వలయాలను సరిపోల్చవలసి ఉంటుంది.

ఈ ప్రాంతంలో మరొక చిక్కు ఉంది. తుపాను గాలి కూడా చెట్లను వంచుతుంది. పోడు మంట, గొడ్డలి దెబ్బ కూడా గాయం చేస్తాయి. ప్రవాహపు గాయం సాధారణంగా గెడ్డ ఎగువ వైపునకు, ప్రవాహం చేరే ఎత్తులోపల ఉంటుంది. గెడ్డకు దూరంగా ఉన్న చెట్లను పోలిక కోసం పరిశీలించాలి. అవి కూడా అదే ఏడాది అదే దిక్కుకు వంగి ఉంటే కారణం గాలి కావచ్చు. 2014 అక్టోబర్ 12న విశాఖ తీరాన్ని దాటిన హుద్‌హుద్ ఈ విధానాన్ని సరిచూసుకోవడానికి తగిన సందర్భం. అక్టోబర్‌లో టేకు పెరుగుదల చివరి దశలో ఉంటుంది కనుక, గాయం 2014 వలయపు అంచున గానీ 2015 వలయారంభాన గానీ కనిపించవచ్చు. ఈ ఒక్క సంవత్సరపు సందిగ్ధాన్ని తుపాను రికార్డులతో తొలగించాలి.

లెక్కింపు

అటవీ శాఖ అనుమతితో ఇంక్రిమెంట్ బోరర్ ద్వారా ఒక్కొక్క చెట్టు నుండి కనీసం రెండు నమూనాలు తీయాలి. పడిపోయిన చెట్ల అడ్డుకోత బిళ్లలు మరింత మేలు. ఒక సంవత్సరంలో సజీవంగా ఉన్న నమూనా చెట్లలో ఎన్ని ప్రతిస్పందించాయో శాతంగా చూపేదే ఘటన సూచిక. 40 చెట్లలో 6 ప్రతిస్పందిస్తే సూచిక 15 శాతం. పూర్వానికి వెళ్లేకొద్దీ సజీవ చెట్ల సంఖ్య తగ్గుతుంది. 4 చెట్లలో ఒక్కటి ప్రతిస్పందించినా 25 శాతం అవుతుంది. కానీ అది ఒకే చెట్టు సాక్ష్యం. కనుక శాతంతోపాటు చెట్ల సంఖ్యనూ తప్పక పేర్కొనాలి.

ముగింపు

భారీ ప్రవాహాలు సాక్షులైన చెట్లనే పెకలించుకుపోతాయి. అందువలన ఈ పద్ధతిలో లభించే సంఖ్యను కనీస సంఖ్యగానే గ్రహించాలి. వలయాలలో ప్రవాహం కనిపించని గెడ్డను సురక్షితమని ప్రకటించరాదు. వలయ సాక్ష్యాన్ని మేటల పటంతోనూ, గిరిజన గ్రామాల పెద్దల జ్ఞాపకాలతోనూ కలిపి చూసినప్పుడే విస్తరణ శాస్త్రవేత్త రైతుకు విశ్వసనీయమైన సలహా ఇవ్వగలుగుతారు.